పల్లీల జరిమానా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాది కడప పక్క పల్లె. అక్కడ ఇది జబ్బు కాదు, మాట తీరు. ఢిల్లీకి వచ్చి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాక మాత్రం ఆ కోపాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోట్లోనే అదిమిపెట్టుకోవాల్సి వచ్చేది. కింది ఉద్యోగి కోపం ఎవరికి కావాలి? దాన్ని బయటికి తీసే వేళ నాకు రోజుకు ఒక్కటే ఉండేది. అది మధ్యాహ్నం ఒంటిగంట.

మా ఆఫీసు అశోకా రోడ్డుకు దగ్గర. భవనం వెనక పెద్ద పచ్చిక ఉంది. చలికాలం వచ్చిందంటే భోజనాల వేళ ఆఫీసు ఆఫీసంతా అక్కడే. లోపల ఫైళ్లు తిప్పే వేళ్లు కొంకర్లు పోతుంటాయి, బయట ఎండ ఊరికే దొరుకుతుంది మరి! స్వెటర్లు అల్లేవాళ్లు, నారింజలు ఒలిచేవాళ్లు, వీపు ఎండకు పెట్టి కునుకు తీసేవాళ్లు. ఆ జనంలో పాత దుప్పటి పరుచుకుని కూర్చునే నలుగురు ఆడవాళ్లం మేము.

నేను కాక మిగతా ముగ్గురిలో పెద్దది పంజాబీ ఆంటీ. ఉత్తరాలు పంపే సెక్షన్లో పని. తెలుగు రాదు, కానీ మాతో కూర్చుని కూర్చుని ‘పచ్చడి’, ‘కారం’, ‘అయ్యో’ నేర్చుకుంది. ఈ మూడింటితోనే మాతో సంభాషణంతా నడిపించేది. అందరికంటే చిన్నది కాకినాడ అమ్మాయి, స్టెనో. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇక వరంగల్ అక్క. భర్త ఉద్యోగంలో ఉండగానే పోతే ఆయన బదులు ఆమెకు ప్యూను ఉద్యోగం ఇచ్చారు. సరోజినీ నగర్‌లో చిన్న క్వార్టర్, ఇద్దరు పిల్లలు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. అక్క ఉద్యోగంలో చేరిన కొత్త. మాతోపాటు దుప్పటి మీద కూర్చునేది కానీ కాస్త పక్కకు తిరిగి కూర్చునేది. టిఫిన్ డబ్బా మూతను గోడలా నిలబెట్టి, ఆ చాటున తుంచుకుని తినేది. నేను చూడనట్టు చూశాను. రెండు చపాతీలు, తరిగిన ఉల్లిపాయ, దాని మీద ఇంత కారప్పొడి. ఆ రోజూ అదే, మరుసటి రోజూ అదే.

మూత అడ్డం పెట్టుకుని తినడం ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదో తరగతిలో టౌన్ బడికి వెళ్లినప్పుడు నా డబ్బాలో జొన్నరొట్టె, ఎర్రకారం ఉండేవి. పక్క పిల్ల డబ్బాలో తెల్లన్నం, కోడిగుడ్డు. నేను ఏడాది పొడుగునా మూత చాటున తిన్నాను. అలా తింటున్నప్పుడు రుచి తెలియదు. చెవులు రెండూ పక్కవాళ్ల మీదే ఉంటాయి. ఎవరైనా నవ్వితే మనల్ని చూసే నవ్వారనిపిస్తుంది. మా అమ్మ చేసిన ఎర్రకారం లాంటిది ఈ ఢిల్లీలో ఏ హోటల్లోనూ దొరకదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ డబ్బాను చూస్తే ఏడుపొచ్చేది.

అందుకని ఒకరోజు నా పప్పు కొంచెం అక్క డబ్బాలో వెయ్యబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దమ్మా, కడుపు నిండింది.”

మర్నాడు పచ్చిక దగ్గరకే రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మెట్ల కింద సైకిళ్లు పెట్టేచోట ఒంటరిగా తింటోందని కాకినాడ అమ్మాయి చెప్పింది. నా మీద నాకే ఒళ్లు మండింది. పప్పు వడ్డించిన మహాతల్లిని నేనే కదా ఆమెను అక్కడికి తరిమింది!

ఆ ఆదివారం సరోజినీ నగర్ బజారుకు పోయి ఒకే రకం స్టీలు డబ్బాలు నాలుగు, ఒక పెద్ద గుడ్డసంచి కొన్నాను. సోమవారం అక్కను చెయ్యి పట్టి లాక్కొచ్చి దుప్పటి మీద కూర్చోబెట్టాను.

“ఏందే, నాలుగు కలిపి కొంటేనే ఇస్తానన్నాడు ఆ సరోజినీ నగర్ స్టీలు సామాన్ల అంగడోడు. నాకెందుకు నాలుగు? తలా ఒకటి తీసుకోండి. రేపటి నుంచి అన్నీ ఈ సంచిలో వేసేది, కళ్లు మూసుకుని తలా ఒకటి తీసేది. ఎవరికి ఏది వస్తే అదే తినాల. వంక పెట్టినోళ్లు మర్నాడు అందరికీ పల్లీలు తేవాల. జరిమానా!”

జరిమానా అన్న మాట హిందీలోనూ దాదాపు ఇదే కాబట్టి పంజాబీ ఆంటీకి అర్థమైపోయింది. “జుర్మానా! అచ్ఛా, ఠీక్ హై!” అని చప్పట్లు కొట్టింది.

వంక పెట్టకూడదన్న ఆ షరతు నేను ఉల్లిపాయ చపాతీ కోసమే పెట్టాను. అది ఎవరికి వచ్చినా నోరు మూసుకుని తింటారు, అక్క తలెత్తుకుని కూర్చుంటుంది అనుకున్నాను. జరిగింది వేరు. మొదటి వారంలోనే ఉల్లిపాయ చపాతీ పంజాబీ ఆంటీకి వచ్చింది. ఆవిడ లొట్టలేసుకుంటూ తిని, అసలు చలికాలంలో తినాల్సింది ఇదేనని తీర్పు చెప్పింది. అక్కకు నా డబ్బా వచ్చింది. ఒక్క ముద్ద పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది.

“గిదేంది తల్లీ! కూరనా, మిరపకాయల మూటనా?”

అందరం కేకలు పెట్టాం, జరిమానా అని. మర్నాడు అక్క వేయించిన పల్లీలు పొట్లం కట్టుకుని వచ్చింది. అందరి చేతుల్లో తానే పోసింది. ఇచ్చే చెయ్యి తనదైనప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ రోజు తర్వాత ఆమె మూత అడ్డం పెట్టుకోవడం నేను చూడలేదు.

తొమ్మిదేళ్లు ఆ ఆట ఆడాం. వంక పెట్టకూడదన్న షరతును నలుగురం రోజూ తుంగలో తొక్కాం. “మీ కడప కారానికో దండం అండీ బాబూ! నా నాలుక చచ్చిపోయిందక్కా!” అని కాకినాడ అమ్మాయి గోల. దాని కాకరకాయ కూర వస్తే నా గోల. అంత చేదు కూర వండే మనిషిని నేను మళ్లీ చూడలేదు. సంచిలో చెయ్యి పెట్టేముందు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, కాకర తప్ప ఏదైనా ఇవ్వు స్వామీ అని. చలికాలమంతా మా దుప్పటి చుట్టూ పల్లీ తొక్కలే. ఆ డబ్బాల కథ వెనక ఏముందో నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా ఎంత తెలివిగా నడిపించానో అని లోలోపల మురిసిపోతూ ఉండేదాన్ని.

పోయిన శీతాకాలానికి ముందు నాకు ప్రమోషన్ వచ్చింది. పరీక్ష రాసి, సెక్షన్ ఆఫీసర్ అయ్యాను. చెక్క గోడల గది ఇచ్చారు. కుర్చీకి తెల్ల తువ్వాలు, బల్ల మీద మూతపెట్టిన గాజు గ్లాసు. ఆ తువ్వాలు పరిచింది వరంగల్ అక్కే. మూడుసార్లు సరిచేసి, వెనక్కి జరిగి చూసుకుని, “మంచిగున్నది” అంది. ఢిల్లీ పొలిమేర దాటి ఉన్న వైశాలి నుంచి మెట్రోలో నిలబడి ఇన్నేళ్లు వచ్చిన కాళ్లు ఆ రోజు నేల మీద ఆనలేదు.

ఒంటిగంటకు పచ్చిక దగ్గరకు వెళ్లాను. దుప్పటి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది.

“కూర్చోండి మేడమ్, కింద చల్లగా ఉందండి” అంది కాకినాడ అమ్మాయి.

“ఎవరే నీకు మేడమ్?” అని కుర్చీని ఒక్క తోపు తోసి కింద కూలబడ్డాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతా మామూలే అనుకున్నాను.

మామూలు కాదని తెలియడానికి పది రోజులు పట్టింది. డబ్బాలు సంచిలో వేస్తున్నారు, తీస్తున్నారు. కానీ నా డబ్బా ఎవరికి వచ్చినా ఒకటే మాట. “చాలా బాగుంది మేడమ్.” కారం బాగుంది, పులుపు బాగుంది, అన్నం మెత్తబడ్డా బాగుంది. ఎవరూ వంక పెట్టడం లేదు. నా డబ్బాకే కాదు, ఒకరి డబ్బాకు ఒకరు వంక పెట్టడం కూడా మానేశారు. పెద్దమనిషి ఎదుట కొట్టుకోకూడదని పిల్లలు సర్దుకున్నట్టు. డిసెంబరు నడిమధ్యలో మా దుప్పటి మీద ఒక్క పల్లీ తొక్క లేదు!

దీన్ని తేల్చుకోవాలనుకున్నాను. మర్నాడు పులిహోర కలిపి, అందులో మూడు చెంచాల ఉప్పు ఎక్కువ వేశాను. మా అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. తెలుగు అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం హిందీలోనే.

“మమ్మీ, పాగల్ హో గయీ హో క్యా?” పిచ్చెక్కిందా నీకు అని.

“ఇది తినేదానికి కాదే, పరీక్ష” అన్నాను.

ఆ పులిహోర కాకినాడ అమ్మాయికి వచ్చింది. మొదటి ముద్దకు దాని కనుబొమలు నెత్తికెక్కాయి. రెండో ముద్దకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దాని నోటి వైపే చూస్తున్నాను. తిట్టవే తల్లీ, ఒక్క మాట అనవే! అది సీసాడు నీళ్లు తాగుతూ, గింజ మిగల్చకుండా డబ్బా ఖాళీ చేసి, మూతి తుడుచుకుంది.

“సూపర్ మేడమ్. మా అమ్మ చేసినట్టే ఉందండి.”

“నిజం చెప్పు” అన్నాను.

“నిజమే మేడమ్.”

నాకు ఎక్కడో కాలింది. డబ్బా తీసుకుని లేచి చరచరా వచ్చేశాను.

గదిలోకి వచ్చి కూర్చున్నాక బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. కాకినాడ అమ్మాయి పనితీరు మీద ఏడాదికొకసారి రిపోర్టు రాయాల్సింది ఇప్పుడు నేను. అది బాగుంటేనే దానికి ముందు దారి. ఆ పిల్ల ఉప్పు తిన్నది పులిహోర బాగుండి కాదు, ఇంట్లో తన పిల్లల ఫీజులు, అద్దె ఇల్లు గుర్తొచ్చి. పైగా నేనేమైనా తక్కువ తిన్నానా? ప్రమోషన్ వచ్చిన రెండో వారంలోనే, దాని డ్రాఫ్టులో తప్పులుంటే నలుగురి ముందు ఎర్ర సిరాతో గీకి, “ఇదేం రాత?” అని కేకేశాను. ఇన్నాళ్లూ నోట్లో అదిమిపెట్టుకున్న కోపానికి కుర్చీ దొరకగానే తలుపు తెరిచినట్టయింది. ఇంకా సిగ్గుపడాల్సింది మరొకటుంది. మా పాత పెద్ద అధికారి దీపావళికి పంచిన లడ్డూ పళ్లకు రాయిలా తగిలితే, “అద్భుతం సార్” అని ఇంకొకటి అడిగి తీసుకున్నది ఎవరు? నేనే. కింద ఉన్నప్పుడు నేను ఆడిన అబద్ధాలే ఇప్పుడు పైన ఉన్న నాకు వడ్డిస్తున్నారు.

అన్నీ తెలిసీ ఏం చెయ్యాలో తోచలేదు. పోయి క్షమాపణ చెబితే ఆ పిల్ల ఇంకా భయపడుతుంది. ఆఫీసర్ క్షమాపణ ఎవరికి మాత్రం నమ్మకం? నాలుగు రోజులు గదిలోనే తిన్నాను. కిటికీలోంచి పచ్చిక కనిపించేది. దుప్పటి మీద ముగ్గురే. ఆ తొమ్మిదేళ్ల ఒంటిగంట ఇక పోయినట్టేనా అనుకునేదాన్ని. ఆఫీసర్ కావాలని నేను కోరుకున్న మాట నిజమే కానీ, దానికి బదులుగా దీన్ని ఇచ్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

అయిదో రోజు నేను డబ్బా తెరిచి మొదటి ముద్ద కలుపుతుండగా తలుపు తెరుచుకుంది. చటుక్కున మూత ఎత్తి డబ్బాకు అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. అందులో ఉన్నది గుత్తివంకాయ, దాచాల్సిన కూర కాదు. వచ్చింది వరంగల్ అక్క. చేతిలో గుడ్డసంచి. ఆమె నన్ను చూడలేదు, ఆ మూతను చూసింది.

“అగో! మూత అడ్డం పెట్టుకొని తింటున్నవ్” అంది. “గట్ల తినుడు నేను చెయ్యాల్సిన పని గాదు?”

నా మొహం ఎర్రబడింది. “ఏం లేదక్కా, పని ఉండి…”

“పనా? నాకు చెప్పకు.” ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. “తొమ్మిదేండ్ల కింద నాలుగు డబ్బాలు తెచ్చినవ్ యాదికున్నదా? నాలుగు కొంటెనే ఇస్తనన్నడని చెప్పినవ్.”

“అవును, ఆ అంగడోడు…”

“ఆ దుకాణం మా క్వార్టర్ ఎనకనే ఉన్నది. తెల్లారే పోయి అడిగిన. ఒక్కటి గూడ ఇస్తనన్నడు.”

తొమ్మిదేళ్లు నేను మురిసిపోయిన తెలివంతా ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది.

“మరి… చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు ఆట బంద్ చేస్తుంటివి. నువ్వు నా కోసం చేసినవని నలుగురికి తెలిస్తే నేను గూడ తినకపోతుంటి. ఊకున్న. కడుపు నిండింది, నవ్వుకున్నం. ఇంకేం గావాలె?” లేచి నిలబడి సంచి నోరు తెరిచి నా ముందు పట్టింది. “డబ్బా ఏయ్ ఇండ్ల. లే.”

అప్పుడు నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, తెల్ల తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆమె నన్ను చూసి, “ఆ తువ్వాల మల్ల నేనే ఉతకాలె” అంది. నవ్వొచ్చేసింది.

దుప్పటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ లేదు. పంజాబీ ఆంటీ జరిగి చోటిచ్చింది. కాకినాడ అమ్మాయి చూపులు నేల మీదే ఉన్నాయి. నేను కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాను. తెరిచి చూస్తే కాకరకాయ! దేవుడు లేడని ఎవరన్నారు? నా డబ్బా అక్కకు వచ్చింది. వంకాయను విరిచి, అన్నంలో కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. పక్కకు తిరిగి పచ్చిక మీద ఉమ్మేసింది.

“థూ! ఇదేం కూర? ఆఫీసర్ అయినంక ఉప్పు బంద్ చేసినవా? మా వరంగల్ల గొడ్లు గూడ ముట్టవు దీన్ని!”

కాకినాడ అమ్మాయి మొహం పాలిపోయింది. నా వైపు చూసింది, అక్క వైపు చూసింది. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చేతిలో డబ్బా పట్టుకుని కాకరకాయ ముక్కలు దొర్లిపోయేలా నవ్వాను.

“జుర్మానా!” అని కేకేసింది పంజాబీ ఆంటీ. పక్క దుప్పట్ల వాళ్లు కూడా తిరిగి చూశారు.

“తెస్త తియ్. రేపు తెస్త” అంది అక్క, ఇంకో ముద్ద పెట్టుకుంటూ.

కాకినాడ అమ్మాయి నెమ్మదిగా గొంతు సవరించుకుంది. “మేడమ్… మొన్న పులిహోర…”

“ఊఁ?”

“అందులో ఉప్పు… కొంచెం… అంటే, మా కాకినాడ సముద్రమంతా అందులోనే ఉందండి బాబూ!” అని చేతుల్లో మొహం దాచుకుంది.

“పొగుడుతా తిన్నావు కదే అంతా! ఎవరు తినమన్నారే?” అని దాని వీపు మీద ఒక్కటిచ్చాను. “నీ కాకరకాయ మాత్రం? విషం! నేనూ తేవాల రేపు పల్లీలు.” అది నవ్వడం మొదలుపెడితే ఆపలేకపోయాం. ఎర్ర సిరా సంగతి నేనే ఎత్తాను. ఇక మీద తప్పులుంటే గదిలోకి పిలిచి చెబుతానన్నాను. “గదిలోనైనా అరుస్తారు కదండీ” అంది. “అరుస్తా” అన్నాను. ఆ మాట దానికి క్షమాపణ కంటే నమ్మకంగా తోచిందనుకుంటాను. మార్చిలో రిపోర్టు ఉన్నదున్నట్టు బాగానే రాశాను. ఎందుకంటే అది నిజంగానే బాగా పనిచేస్తుంది, వంట తప్ప.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి వంటింట్లో మిగిలిన గుత్తివంకాయను గిన్నెలోంచే తింటోంది. నా వంటను పొగిడిన పాపాన ఎన్నడూ పోని పిల్ల అది.

“ఉప్పు లేదు కదా అందులో?” అన్నాను.

“నహీ తో. బిల్కుల్ పర్ఫెక్ట్ హై, మమ్మీ.”

నమ్మలేక నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇంకో ముక్క కూడా వేసుకుని చూశాను, అదీ అంతే.

మర్నాడు అక్క పల్లీల పొట్లం తెచ్చింది, ఇంకా వేడిగా ఉన్నాయి. లేని తప్పుకు జరిమానా కట్టి, అందరి చేతుల్లో తానే పోసింది. నా దోసిట్లో అందరికంటే ఎక్కువ పోసింది. కూరలో ఉప్పు బాగానే ఉందని నేను ఆమెతో ఇంతవరకూ అనలేదు. నాలుగు డబ్బాల సంగతి ఆమె తొమ్మిదేళ్లు దాచింది. నేనూ దాస్తాను. చెబితే ఆట ఆపేస్తుంది.